ఒంటి చెవితో డిలే పెడల్

ఆ ఉదయం మెట్రోలో నిలబడి ఉండగా నా ఎడమ చెవి మూసుకుపోయింది. స్నానం చేసేటప్పుడు నీళ్ళు పోతే ఎలా ఉంటుందో అచ్చం అలాగే అనిపించింది. దవడ అటూ ఇటూ ఆడించాను. ముక్కు పట్టుకుని గాలి ఊదాను. ఢిల్లీ ద్వారకలో ఎక్కిన దాన్ని ఆఫీసు స్టేషన్లో దిగేసరికి ఎడమవైపు ప్రపంచమంతా దుప్పటి కప్పేసుకుంది. సెక్షన్లో పక్క టేబుల్ ఆవిడ ఏదో అడుగుతూనే ఉందట. చివరికి లేచి వచ్చి భుజం తట్టింది. "తబియత్ తో ఠీక్ హై?" అని ఒంట్లో ఎలా ఉందో అడిగింది.

డాక్టరు పరీక్షలు చేసి లోపలి నరం దెబ్బతిందన్నారు. కొందరికి ఇలా ఉన్నట్టుండి జరుగుతుందట, కారణం చెప్పలేమట. మాత్రలు వాడాను, సూదులు వేయించుకున్నాను, వారాల తరబడి ఎదురుచూశాను. ఆ చెవి తిరిగి రాలేదు. గిటార్ వాయిస్తానని చెప్పినప్పుడు ఆయన నా చీరనీ, నెరిసిన పాపిటనీ ఒకసారి చూసి, మామూలు చెక్క గిటారే కదా అని అడిగారు. కాదు, ఎలక్ట్రిక్ అన్నాను. అయితే మంచి చెవిలో ఇయర్ ప్లగ్ పెట్టుకోమన్నారు, శబ్దం తగ్గించుకోమన్నారు, వీలైతే మానేయమన్నారు. మొదటి రెండింటికీ తలూపాను. మూడోది వినబడనట్టు ఊరుకున్నాను. చెవి పోవడం వల్ల నాకు దొరికిన మొదటి లాభం అదే.

ఇక్కడ నా బ్యాండు గురించి కొంచెం చెప్పాలి. మేము నలుగురం. డ్రమ్ములు కొట్టేవాడు వరంగల్ నుంచి వచ్చి గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. నాకంటే చాలా చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. పాడే అమ్మాయి ఢిల్లీలోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆమెకు తెలుగు పాట పాడటం మాట్లాడటం కంటే సులువు. బేస్ గిటార్ వాయించే మలయాళీ మితభాషి. నోరు తెరిస్తే తీగ తెగుతుందేమోనన్నట్టు ఉంటాడు. ఆదివారాల్లో డ్రమ్మర్ ఉండే అపార్టుమెంట్ల సొసైటీ బేస్‌మెంటులో సాధన చేసేవాళ్ళం. నేను తెనాలి దాన్ని. కాలేజీలో ఉండగా గిటార్ పట్టుకున్నాను, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వచ్చి ఢిల్లీ చేరినా వదల్లేదు. పెళ్ళి, పాప, బదిలీ బెదిరింపులు, ప్రమోషన్ పరీక్షలు, వేటికీ వదల్లేదు.

అయితే నన్ను నలుగురిలో గుర్తుపట్టేది నా వేళ్ళ వేగంతో కాదు. నాకు ఆ వేగం ఎప్పుడూ లేదు. నాది నిదానపు వాయింపు. నా కాళ్ళ దగ్గర రెండు చిన్న ఇనుప పెట్టెలుంటాయి. ఒకటి డిలే. వాయించిన స్వరాన్ని పట్టుకుని, కాస్త ఆగి, మళ్ళీ పలికిస్తుంది. ఎంతసేపు ఆగాలి, ఎన్నిసార్లు పలకాలి, ఎంత గట్టిగా పలకాలి, అన్నిటికీ నాబ్‌లుంటాయి. రెండోది రివర్బ్. అది వేరే ఏమీ కాదు, గది. ఇరుకు గదిలో కూర్చుని వాయిస్తున్నా పెద్ద మండపంలో వాయించినట్టు స్వరానికి తోక మొలిపిస్తుంది. ఈ రెండూ సరిగ్గా కుదిరితే నేను వాయించే నాలుగు స్వరాలే ఒక పాటకు నేలా ఆకాశమూ అవుతాయి. కుదరకపోతే బురద. నా సంగీతమంతా ఆ రెండింటి మధ్య గీతలోనే ఉంది.

చెవి పోయాక మొదటి సాధనలో వచ్చింది బురదే.

రెండు చెవులున్నప్పుడు ఏ శబ్దం ఎటునుంచి వస్తోందో మనకు తెలియకుండానే తెలిసిపోతుంది. మనసు దేన్ని పట్టుకోవాలో, దేన్ని వదలాలో అదే చూసుకుంటుంది. ఒంటి చెవికి ఆ సౌకర్యం లేదు. డ్రమ్ములు, బేస్, గొంతు, నా గిటార్, నా గిటార్‌కు డిలే ఇచ్చే ప్రతిధ్వని, బేస్‌మెంటు గోడలు తిప్పికొట్టే మోత, అన్నీ ఒకే సంచిలో పోసి నా కుడి చెవిలో దిమ్మరించినట్టుంది. అసలు స్వరమేదో మారు పలుకేదో తేలక, పెడల్ పనిచేయడం లేదేమోనని నాబ్ పెంచాను. ఇంకా పెంచాను. పాట మధ్యలో పాడే అమ్మాయి ఆగిపోయింది.

"దీదీ, నా గొంతు నాకే వినిపించట్లేదు. మీ గిటార్ ఇత్‌నా ఫైల్ గయా హై కి..." అని, అంతా పరుచుకుపోయిందన్నట్టు చేతులు చాపి, మాట మింగేసింది.

బేస్ అతను తీగలమీద చెయ్యి వేసి నేలచూపులు చూశాడు. డ్రమ్మర్ పుల్లలు పక్కన పెట్టి వచ్చి నా ముందు చతికిలబడ్డాడు.

"అక్కా, ఏమనుకోవద్దు. ఆ రెండు పెడల్స్ కొన్ని దినాలు పక్కకు పెట్టరాదా? నువ్వు ఉత్త గిటార్ కొట్టు. కావాల్నంటే మిక్సర్ల నేనే కొంచెం రివర్బ్ ఏస్త. నీకు గా తిప్పల ఉండదు."

వాడి మాటలో ప్రేమ ఉంది. అదే నన్ను ఎక్కువ మండించింది. కోపంతో అంటే తిరిగి అనొచ్చు. జాలితో అన్నవాణ్ణి ఏమంటాం?

"నువ్వు డ్రమ్ములు కొట్టు. నేను పెడల్స్ తొక్కుతాను. ఎవరి పని వాళ్ళదే," అన్నాను.

"అది కాదక్కా..."

"నా శబ్దం ఎలా ఉండాలో నేనే చెప్పాలి. బాగా లేకపోతే బాగా లేదని చెప్పండి, పడతాను. తీసేయమని మాత్రం అనొద్దు."

ఇంటికొచ్చాక అమ్మకు ఫోన్ చేస్తే అక్కడా అదే పాట. "చెవి పోయింది కదా, ఇంకా ఆ మోతెందుకే తల్లీ? హాయిగా కూర్చుని విష్ణు సహస్రనామం చదువుకో," అంది. చదువుకోవడానికి చెవితో పనిలేదు గనక అది నాకు తగిన పని అని ఆమె లెక్క. మా ఆయన మాత్రం పేపర్ లోంచి తలెత్తి, "నీకు ఎంత అవసరమో నీకే తెలియాలి," అన్నాడు. అది సమర్థనో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు, సమర్థన కిందే రాసుకున్నాను.

తర్వాతి నెలలన్నీ కొత్తగా నేర్చుకోవడంతో గడిచాయి. పరీక్ష తప్పినవాళ్ళు మళ్ళీ కట్టినట్టు మొదటినుంచీ మొదలుపెట్టాను. ముందు నిలబడే చోటు మార్చాను. డ్రమ్ములు ఎప్పుడూ నా కుడివైపే ఉండాలన్నాను. డిలే మీద ఒక మీట ఉంటుంది, పాట నడకకు తగ్గట్టు కాలితో తడితే ప్రతిధ్వని ఆ నడకలోనే వస్తుంది. ఇదివరకు చెవితో విని తట్టేదాన్ని. ఇప్పుడు డ్రమ్మర్ మోకాలిని చూసి తట్టడం నేర్చుకున్నాను. పెద్ద డ్రమ్మును తొక్కేటప్పుడు వాడి మోకాలు లేచి పడుతుంది. అది అబద్ధం చెప్పదు. వాడికి ఉత్సాహం వచ్చి వేగం పెంచితే నాకంటే ముందు వాడి మోకాలే బయటపెట్టేస్తుంది.

నాబ్‌లు ఎక్కడుండాలో గుర్తుకోసం గోళ్ళ రంగుతో చుక్కలు పెట్టాను. బేస్‌మెంటుకు ఎరుపు. ఆరుబయటకు గులాబీ. ఫోన్ తీసుకెళ్ళి దూరపు మూల కుర్చీలో పెట్టి రికార్డు చేసి, మర్నాడు మెట్రోలో ఒంటి చెవితో వినేదాన్ని. అలా వింటూ వింటూ ఒక సంగతి గ్రహించాను. స్టేజి మీద నిలబడ్డవాడికి వినిపించేదీ, వెనక వరసలో కూర్చున్నవాడికి వినిపించేదీ ఎప్పుడూ ఒకటి కాదు. రెండు చెవులున్న మహానుభావులు కూడా తమ దగ్గర తియ్యగా ఉంటే హాలంతా తియ్యగా ఉందనుకుంటారు. వాళ్ళది నమ్మకం. నాకు ఆ నమ్మకం పోయింది గనక నేను వెళ్ళి చూసుకోవాల్సిందే. అలా చూసుకోవడం మొదలుపెట్టాక నా వాయింపు చెడిపోలేదు, తేరుకుంది. పాడే అమ్మాయి పాడుతున్నంతసేపూ ప్రతిధ్వనిని అణిచిపెట్టి, ఆమె ఊపిరి తీసుకునే ఖాళీలో వదలడం అప్పుడే అలవాటైంది.

ఆ చలికాలంలో ద్వారకలోనే ఒక సొసైటీ తెలుగువాళ్ళు కార్యక్రమం పెట్టుకుని మమ్మల్ని పిలిచారు. ఆదివారం మధ్యాహ్నం, పచ్చిక మీద, ఎండలో. కల్చరల్ కమిటీ పెద్దాయన రిటైర్డ్ అధికారి, గోదావరి జిల్లాల మాట. ఫోన్లో, "మా పిల్లలకి కొంచెం మన పాటలు వినిపించండమ్మా, హిందీలో పడి కొట్టుకుపోతున్నారు," అన్నాడు. ముందే వెళ్ళి పచ్చిక చూసుకుని వచ్చాను. ఆరుబయట శబ్దానికి గోడలుండవు, అది అలా పోతూనే ఉంటుంది. అందుకే రివర్బ్ బాగా పెంచి గులాబీ చుక్కలు మళ్ళీ సరిచూసుకున్నాను.

ఆ వారమే గాలి పాడైంది. ఢిల్లీలో చలికాలపు గాలి గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. బాల్కనీలోంచి ఎదుటి టవర్ కనబడలేదు. ఆదివారం ఉదయం పెద్దాయన ఫోన్ చేశాడు. "పిల్లలూ, ముసలాళ్ళూ దగ్గుతున్నారమ్మా. బయట వద్దు, కమ్యూనిటీ హాల్లోకి మార్చేశాం."

హాల్లో అడుగు పెట్టి చుట్టూ చూశాను. కింద మార్బుల్. మూడు వైపులా అద్దాల కిటికీలు. ఎక్కడా తెర లేదు, తివాచీ లేదు. ఎవరో కుర్చీ జరిపితే ఆ కీచుమన్న శబ్దం పైకప్పు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. గులాబీ చుక్కలతో ఇక్కడ వాయిస్తే నాలుగు స్వరాలకే నలభై మంది తలలు పట్టుకుంటారు.

సౌండ్ చూసే మనిషి అప్పటికే అందరి శబ్దాల్నీ కలిపే మిక్సర్ సర్దేసి టీ తాగుతున్నాడు. మైకు పరీక్షిస్తూ "హలో" అంటే, ఆ హలో నాలుగు హలోలై గోడల మీద పాకింది. హాలు ఇస్తున్నది చాలదన్నట్టు తన మిక్సర్లోనూ రివర్బ్ పెట్టాడు. నా పెడల్స్ చూసి, అవి ఆపేయమని, ఎఫెక్టులు తానే ఇస్తానని చెయ్యి ఊపాడు.

"మేడమ్, యే సబ్ బంద్ కర్ దో. ఎఫెక్ట్ మైఁ దే దూంగా."

"భయ్యా, ఆప్ అప్‌నా బంద్ కీజియే. హాల్ పహ్‌లే సే దే రహా హై," అన్నాను. హాలే ఇస్తుంటే అతనిది ఎందుకు?

"బర్సోఁ సే కర్ రహా హూఁ, మేడమ్." ఏళ్ళ తరబడి చేస్తున్నాడట.

"తో ఆజ్ ఏక్ బార్ మేరే హిసాబ్ సే కర్ లీజియే." ఈ ఒక్కరోజు నా లెక్కన చేయమన్నాను.

పెద్దాయన గబగబా వచ్చాడు. "ఏవమ్మా, టైమ్ అయిపోతోంది. ఆ పెట్టెల గొడవెందుకండీ ఇప్పుడు? ఊరికే మీటేయండి. ఎవరికి తెలుస్తుందిలే."

"నాకు తెలుస్తుందండి," అన్నాను.

డ్రమ్మర్ నా వైపు చూస్తున్నాడు. పాత మాట వాడి నాలుక చివర దాకా వచ్చిందని తెలుస్తూనే ఉంది. వాడు అనకముందే నేను స్టేజి దిగి, కుర్చీల మధ్య నుంచి హాలు చివరకు నడిచాను. అందరూ చూస్తుండగా గోడకు ఆనుకుని నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టాను. ఎడమవైపు ఏమీ లేదు. కుడి చెవిలో ఆ చప్పట్లు పొడుగ్గా సాగి సాగి కరిగాయి. మళ్ళీ కొట్టాను. ముందు వరసలో ఎవరో ఆంటీ పక్కావిడతో ఏదో అని నవ్వింది. నవ్వుకోనీ అనుకున్నాను. ఆ హాలు గురించి అప్పుడు అక్కడున్న వాళ్ళందరికంటే నాకే ఎక్కువ తెలుసు.

తిరిగొచ్చి రివర్బ్ పూర్తిగా ఆపేశాను. గది కావాలంటే గదే ఉంది. డిలేను ఒకే ఒక్క పలుకుకు దించి, ఆ పలుకును కూడా గొంతు సవరించుకున్నంత చిన్నది చేశాను. సౌండ్ మనిషి మొహం మాడ్చుకుని తన రివర్బ్ తగ్గించాడు. పూర్తిగా ఆపలేదు, సగానికి. సరే అన్నాను.

మొదటి పాట బాగానే నడిచింది. జనం వచ్చి కూర్చునే కొద్దీ వాళ్ళ స్వెటర్లూ శాలువలూ మోతను పీల్చుకున్నాయి. కుర్చీలు నిండాక హాలు వేరే హాలైంది. వంగి నాబ్ కాస్త తిప్పి ఇంకొక పలుకు కలిపాను. పాడే అమ్మాయి మాట మాటా తేటగా వెనక గోడ దాకా వెళుతోందని ఆమె మొహమే చెప్పింది.

రెండో పాటలో దెబ్బ తగిలింది. డ్రమ్మర్ వేగం పెంచాడు. నేను మోకాలు చూడాల్సిన క్షణంలో ఒక పాప స్టేజి మెట్టెక్కబోతుంటే అటు చూశాను. నా ప్రతిధ్వని పాత నడకలోనే ఉండిపోయి డ్రమ్ములతో ఢీకొంది. పాటలో రెండు పంక్తుల పాటు గందరగోళం. తిరిగి తట్టి సర్దుకున్నాను, పాట గట్టెక్కింది. కానీ మూడో పాట మొదలుపెట్టాక బేస్ అతను నా పక్కకు జరిగి, మొదటిసారిగా పాట మధ్యలో నోరు తెరిచాడు.

"దీదీ, యువర్ గిటార్ ఈజ్ గాన్."

నాకు తెలియలేదు. నా వెనకనున్న యాంప్ అనే సొంత స్పీకర్లోంచి నాకు వినిపిస్తూనే ఉంది. హాల్లోకి వెళ్ళే స్పీకర్లలో మాత్రం సౌండ్ మనిషి మిక్సర్ మీద నా గిటార్ మీటను కిందికి లాగేశాడు. నాకు ఒక చెవి లేదు గనక ఆ తేడా అందలేదు. పెద్దాయన అతని పక్కనే నిలబడి, చెయ్యి కిందికి ఊపుతూ, 'తగ్గించు, ఇంకా తగ్గించు' అన్నట్టు సైగ చేస్తున్నాడు.

వాయిస్తున్నట్టు నటిస్తూ పాట పూర్తిచేసి, నవ్వుతూ నమస్కారం పెట్టి ఇంటికి పోవచ్చు. ఎవరూ ఏమీ అనరు. వాళ్ళ దృష్టిలో అదే మర్యాద. నేను తీగలమీద అరచెయ్యి వేసి ఆపేశాను. బేస్ ఆగింది, గొంతు ఆగింది, డ్రమ్ములు రెండు దెబ్బలు ఆలస్యంగా ఆగాయి. నేను పాడే అమ్మాయి ముందున్న మైకు దగ్గరికి వెళ్ళాను.

"నా గిటార్ హాల్లో వినిపించడం లేదు. నాకు ఒక చెవి పనిచేయదు, అందుకని ఆలస్యంగా తెలిసింది. దాన్ని తగ్గించమని నేను అడగలేదు. వినిపించేలా చేశాక మొదలుపెడతాం. అప్పటిదాకా ఇక్కడే ఉంటాం."

ఒక దగ్గు వినిపించింది. చెవి సంగతి అంతమందిలో చెబుతానని నేనే అనుకోలేదు. ఆఫీసులో కూడా సగం మందికి చెప్పలేదు. చెప్పాక మాత్రం సిగ్గు వేయలేదు, కోపమే ఇంకాస్త నిటారుగా నిలబడింది. సౌండ్ మనిషి పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన మొహం ఎర్రబడింది. ముందు వరసలోంచి, ఇందాక నవ్విన ఆంటీయే, "అరే భయ్యా, పెంచండి, ఆమె అడుగుతోంది కదా!" అని కసిరింది. అతని వేలు పైకి జరిగింది. నేను ఒక స్వరం మీటాను. అది వెళ్ళి అద్దాలను తాకింది, దాని వెనకే చిన్న పలుకు వెళ్ళి తాకింది.

"మళ్ళీ మొదటినుంచి," అన్నాను.

అది మా దగ్గరున్న అన్నిటికంటే నిదానమైన పాట. డ్రమ్మర్ మోకాలు చూస్తూ నాలుగుసార్లు తట్టి, ఆ అమ్మాయి ఊపిరి తీసుకున్న ప్రతి ఖాళీలో ప్రతిధ్వనిని కొంచెం కొంచెంగా వదిలాను. చివరి చరణం తర్వాత ఒకే ఒక్క స్వరం మీటి, పలుకుల నాబ్ బాగా పెంచి, చేతులు తీసేశాను. గిటార్ తనంతట తాను పలుకుతూ, మార్బుల్ హాలు దానికి వంత పాడుతూ, నెమ్మదిగా సన్నగిల్లాయి. ఆ మోత ఎప్పుడు ఆగిపోయిందో నాకు కచ్చితంగా తెలియదు. జనం చప్పట్లు కొట్టాక ఆగిందని తెలిసింది.

అందరూ మెచ్చుకున్నారని చెప్పను. ఒకాయన భోజనాల దగ్గర, ఆడవాళ్ళు ఇలా స్టేజి మీద నిలదీయడం బాగా లేదని పక్కాయనతో గుసగుసగా అన్నాడు. నా కుడివైపు నిలబడి అన్నాడు, పాపం, ఏ వైపు పనిచేస్తుందో తెలియక. పెద్దాయన పులిహోర పళ్ళెం చేతిలో పెట్టి, "ఈసారి వస్తే మంచి భజనలు చేద్దామమ్మా, ఈ కరెంటు సామాను లేకుండా," అన్నాడు.

"సామాను లేకుండా నేను రానండి," అన్నాను. పులిహోర మాత్రం తిన్నాను, బాగుంది.

కారు పెట్టే దగ్గర డ్రమ్మర్ నా యాంప్ డిక్కీలో పెట్టి, చేతులు దులుపుకుంటూ నిలబడ్డాడు.

"అక్కా, నువ్వట్ల మధ్యల ఆపంగనే నాకు చెమటలు పట్టినయ్. పోయినం అనుకున్న."

"నేనూ అనుకున్నాను."

"గా రోజు బేస్‌మెంటుల నేను అట్ల అనకుంటె మంచిగుండు."

"అన్నది మంచిదే అయింది. వేగం పెంచకుండా కొట్టడం నేర్చుకో, అది చాలు."

వాడు పగలబడి నవ్వాడు. ఇప్పటికీ వేగం పెంచుతూనే ఉన్నాడు.

ఆ సొసైటీవాళ్ళు మళ్ళీ పిలవలేదు. మరి రెండు చోట్లకు కూడా మా సంగతి పాకినట్టుంది, వాళ్ళూ ఏవో కారణాలు చెప్పారు. మేము నోయిడాలో ఒక కాలేజీలో వాయించాం, గురుగ్రామ్‌లో ఒక కాఫీ దుకాణంలో వాయించాం. ఆ కాఫీ దుకాణంలో పైకప్పు చేతికందేంత ఎత్తులో ఉంది, వెనకాల కాఫీ మిషన్ బుస్సుమంటూనే ఉంది. ఎన్ని తిప్పలు పడినా నా డిలే అక్కడ కుదరలేదు. బురదే వచ్చింది. పాడే అమ్మాయి మొహమాటం లేకుండా, "దీదీ, ఆజ్ నహీఁ హువా," అంది. నిజమే, కాలేదు. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను కూడా.

కానీ ఆ ముగ్గురిలో ఎవరూ పెడల్స్ తీసేయమనలేదు. అంటే ఏం చెబుతానో వాళ్ళకు తెలుసు. ఆ దుకాణం యజమాని మొన్న మళ్ళీ ఫోన్ చేసి, ఇంకోసారి వస్తారా అని అడిగాడు. కాఫీ మిషన్ ఎంత దూరం జరపగలవని అడిగాను. జరపలేనన్నాడు. అయినా సరే, వస్తున్నామని చెప్పాను.